జీఏ4 నుంచి మటోమోకి మారేటప్పుడు: తేడా ఏది, తప్పు ఏది, పాత ట్యాగ్ ఎప్పుడు తీయాలి

ప్రశ్న ఇదీ: సైట్‌లో మూడేళ్లుగా జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4, సందర్శకుల లెక్కలు చూపే గూగుల్ సాధనం) నడుస్తోంది. ఇప్పుడు సొంత సర్వర్ మీద మటోమో (అదే పని చేసే ఇంకో సాధనం) పెట్టి, రెండు ట్యాగులనూ (పేజీలో పెట్టే లెక్కింపు కోడ్) పది రోజులుగా పక్కపక్కన నడుపుతున్నారు. మటోమోలో విజిట్లు ఎక్కువ చూపిస్తోంది, డైరెక్ట్ ట్రాఫిక్ (ఎక్కడి నుంచి వచ్చారో తెలియని విజిట్లు) మరీ ఎక్కువ, ఆర్డర్లు మాత్రం తక్కువ. దేన్ని నమ్మాలి, పాత డేటాని ఏం చేయాలి, జీఏ4ని ఎప్పుడు తీసేయాలి?

ముందు ఆర్డర్ల సంగతి చూడండి. విజిట్లు, డైరెక్ట్ ఎక్కువ కావడం ప్రధానంగా తేడాలు, ఆర్డర్లు తగ్గడం తప్పు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఇలాంటి మార్పిడులు నెలల తరబడి సాగుతాయి. తేడా అంటే రెండు సాధనాలు ఒకే విషయాన్ని రెండు రకాలుగా లెక్కపెట్టడం. కారణం తెలుసుకుని రాసిపెట్టుకుంటే దాని పని అయిపోయినట్టే. తప్పు అంటే జరిగినది నమోదు కాకపోవడం, లేదా జరగనిది నమోదు కావడం. అది సరిచేసేదాకా పాత ట్యాగ్ జోలికి వెళ్లకూడదు.

ఆర్డర్లకి మీ దగ్గర మూడో సాక్షి ఉంది: మీ సొంత ఆర్డర్ డేటాబేస్. మటోమోని జీఏ4తో పోల్చకండి, రెంటినీ డేటాబేస్‌తో పోల్చండి. ఒక వారం ఆర్డర్ నంబర్లు మూడు చోట్ల నుంచీ తీసి ఒక షీట్‌లో మూడు నిలువు వరసలుగా పెట్టండి. మటోమోలో లేని నంబర్ల పక్కన బ్రౌజర్, చెల్లింపు పద్ధతి, మొబైలా కంప్యూటరా అన్నది రాయండి. యాభై వరసలు దాటేసరికే ఒక ఆకారం కనిపిస్తుంది. అన్నీ ఒకే చెల్లింపు పద్ధతివైతే కొనుగోలుదారు ధన్యవాదాల పేజీకి తిరిగి రావడం లేదని అర్థం. అన్నీ ఒకే బ్రౌజర్‌వైతే అందులో స్క్రిప్టుకి ఏదో అడ్డుపడుతోంది. ఏ పద్ధతీ లేకుండా చెల్లాచెదురుగా ఉంటే యాడ్ బ్లాకర్లు, తొందరగా మూసేసిన ట్యాబులు. ఇవి కొంత శాతం ఎప్పుడూ ఉంటాయి.

జీఏ4లో నమోదవుతూ మటోమోలో మాత్రమే తప్పిపోతున్న ఆర్డర్లకి సాధారణంగా దొరికే కారణాలు కొన్నే. మొదట చూడాల్సింది కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడర్ (పేజీ ఏ డొమైన్లతో మాట్లాడవచ్చో బ్రౌజర్‌కి చెప్పే ఆదేశం). మామూలు పేజీల మీద ఇది లేకపోయినా చెకౌట్ పేజీల మీద కఠినంగా ఉండటం పరిపాటి. పాత పాలసీలో గూగుల్ డొమైన్లు ఉంటాయి, మీ కొత్త ట్రాకర్ డొమైన్ ఉండదు. స్క్రిప్టు రావడానికి ఒక అనుమతి, డేటా పంపడానికి ఇంకో అనుమతి కావాలి. ఒక్కటే ఇస్తే స్క్రిప్టు లోడవుతుంది కానీ ఏమీ పంపదు. బ్రౌజర్ కన్సోల్ తెరిస్తే ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది.

రెండోది, ఆర్డర్ నంబర్ ఖాళీగా వెళ్లడం. ఖాళీ అయితే మటోమో స్క్రిప్టు దాన్ని ఆర్డర్‌గా పంపదు, తప్పు కూడా చూపించదు. ఆర్డర్ నంబర్ కొంచెం ఆలస్యంగా పేజీలోకి వచ్చే సైట్లలో ఇది ఎక్కువ. మూడోది మొత్తం రాసే తీరు: వేల దగ్గర కామాలు, కరెన్సీ గుర్తులు లేకుండా ఉత్త అంకె, పైసలకి చుక్క, అంతే. నాలుగోది చిన్న విషయమే కానీ చాలామంది మరిచేది: మటోమోలో సైట్ సెట్టింగుల్లో ఈకామర్స్ ఆన్ చేయకపోతే ఆ రిపోర్టులే కనిపించవు. ఇంకోటి, సరుకుల వివరాలు చేర్చే కాల్స్ అన్నీ ఆర్డర్ పంపే కాల్‌కి ముందు రావాలి. తర్వాత వస్తే ఆర్డర్ వస్తుంది, అందులో సరుకులు ఉండవు.

కొనుగోలుదారు చెల్లింపు యాప్‌లోనే ఆగిపోయి మీ పేజీకి తిరిగి రాకపోతే బ్రౌజర్ ట్యాగ్‌తో ఏ సాధనమూ ఏమీ చేయలేదు. దానికి మందు సర్వర్ నుంచి పంపడం. చెకౌట్ మొదలైనప్పుడు మటోమో కుకీలో ఉన్న 16 అక్షరాల విజిటర్ ఐడీని ఆర్డర్‌తో పాటు దాచుకోండి. చెల్లింపు ఖాయమయ్యాక మీ సర్వర్ మటోమో ట్రాకింగ్ ఏపీఐకి (సర్వర్ నుంచి నేరుగా డేటా పంపే దారి) అదే ఐడీతో ఆర్డర్ పంపాలి. ఐడీ లేకుండా పంపితే ఆర్డర్ నమోదవుతుంది, కానీ ఎక్కడి నుంచో ఊడిపడ్డ కొత్త విజిట్‌కి అతుక్కుంటుంది. ఆ ఆర్డర్ తెచ్చిన ప్రకటన ఏదో ఇక తెలియదు. బ్రౌజర్ నుంచీ సర్వర్ నుంచీ రెండు వైపులా పంపినా అదే ఆర్డర్ నంబర్ రెండోసారి వస్తే మటోమో లెక్కపెట్టదు కాబట్టి రెట్టింపు భయం లేదు. ఒకవేళ పాత తేదీతో పంపాల్సి వస్తే, 24 గంటలు దాటిన తేదీలకి ప్రామాణీకరణ టోకెన్ తప్పనిసరి. లేకపోతే ఆ పాత తేదీతో నమోదు కాదు.

ఇక తేడాల దగ్గరికి.

విజిట్లు ఎందుకు ఎక్కువ? రెంటిలోనూ 30 నిమిషాల కదలిక లేకపోతే విజిట్ ముగుస్తుంది, అంతవరకు ఒకటే. కానీ మటోమో అర్ధరాత్రి దాటగానే కొత్త విజిట్ మొదలుపెడుతుంది. మధ్యలో వేరే క్యాంపెయిన్ లింకు నొక్కి వచ్చినా కొత్త విజిట్ కిందే లెక్క. జీఏ4 ఈ రెండు చోట్లా సెషన్‌ను విరగ్గొట్టదు. రాత్రి పూట ఎక్కువ చదివే సైట్లకి, ఒకే మనిషికి రోజుకి రెండు మూడు ప్రకటనలు చూపించే సైట్లకి ఈ తేడా బాగా కనిపిస్తుంది. మటోమో కాన్ఫిగ్ ఫైల్లో ఈ రెండు అలవాట్లనూ ఆపే సెట్టింగులు ఉన్నాయి. కానీ జీఏ4తో అంకె కలవడం కోసమని వాటిని మార్చొద్దు. కొన్ని వారాల్లో పోయే సాధనంతో పోలిక కోసం, ఏళ్ల తరబడి ఉండే సాధనం నిర్వచనాన్ని వంచడం అవుతుంది.

యూజర్ల అంకె పోల్చే ముందు జీఏ4లో రెండు పనులు చేయండి. రిపోర్టుల్లో మామూలుగా 'యూజర్లు' అని కనిపించేది యాక్టివ్ యూజర్ల సంఖ్య, మీకు కావలసింది మొత్తం యూజర్లు. రెండోది, రిపోర్టింగ్ ఐడెంటిటీని (జీఏ4 మనుషుల్ని గుర్తుపట్టే పద్ధతి) డివైజ్ ఆధారితానికి మార్చండి. బ్లెండెడ్‌లో ఉంటే, కుకీలు ఒప్పుకోని వాళ్లని గూగుల్ అంచనా వేసి కలిపిన అంకెలు కూడా అందులో ఉండొచ్చు. అంచనాతో అసలు లెక్కని పోల్చి తలపట్టుకోవడం అనవసరం. ఈ సెట్టింగ్ ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు, డేటాకి ఏమీ కాదు. మటోమో వైపు ఒక చిన్న చిక్కు: రోజు, వారం, నెలలకి యూనిక్ విజిటర్లు వస్తాయి, సంవత్సరానికి, మీరు ఎంచుకున్న తేదీల మధ్యకి మొదట్లో రావు. అది ఆఫ్ చేసి ఇస్తారు, సర్వర్ మీద భారం కాబట్టి. కావాలంటే కాన్ఫిగ్‌లో ఆన్ చేసుకోవాలి.

బౌన్స్ రేటు దగ్గర అసలు పోలికే పెట్టొద్దు. జీఏ4లో 10 సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా, ఒక కీ ఈవెంట్ (ముఖ్యమని మీరు గుర్తు పెట్టిన చర్య) జరిగినా అది ఎంగేజ్డ్ సెషన్. కానిదంతా బౌన్స్. మటోమోలో ఒకే పేజీ చూసి వెళ్తే బౌన్స్. ఐదు నిమిషాలు ఒక వ్యాసం చదివి వెళ్లిన మనిషి జీఏ4లో మంచి పాఠకుడు, మటోమోలో బౌన్స్. మీ సైట్ వ్యాసాల సైట్ అయితే మొదటి నెల రిపోర్టులో బౌన్స్ రెట్టింపై కనిపించి అందరూ కంగారు పడతారు. రిపోర్టు చూసేవాళ్లకి ఈ మాట ముందే చెప్పిపెట్టండి. పేజీ మీద గడిపిన సమయం కూడా ఇలాంటిదే: మటోమో ఒక పేజీకీ తర్వాతి పేజీకీ మధ్య సమయాన్ని లెక్కిస్తుంది, అందువల్ల చివరి పేజీ సమయం తెలియదు. హార్ట్‌బీట్ టైమర్ (పేజీ ఇంకా తెరిచి ఉందని అప్పుడప్పుడూ సర్వర్‌కి చెప్పేది) ఆన్ చేస్తే అది చాలావరకు సరవుతుంది, బదులుగా సర్వర్‌కి వచ్చే రిక్వెస్టులు పెరుగుతాయి.

డైరెక్ట్ ఎక్కువ కావడానికి ప్రధాన కారణం లెక్క తీరే. జీఏ4 సెషన్ మూలాన్ని చెప్పేటప్పుడు డైరెక్ట్‌ని పక్కన పెట్టి అంతకు ముందున్న మూలానికి ఆ సెషన్ కట్టబెడుతుంది. నిన్న సెర్చ్ ద్వారా వచ్చినవాడు ఈరోజు బుక్‌మార్క్ నొక్కి వస్తే జీఏ4లో అది సెర్చే. మటోమో విజిట్ల రిపోర్టులో అది డైరెక్ట్. గోల్స్, ఆర్డర్ల దగ్గర మాత్రం మటోమో కూడా డైరెక్ట్ కాని చివరి మూలానికే పేరు ఇస్తుంది. అందుకే క్యాంపెయిన్ల పనితీరుని విజిట్ల కంటే ఆర్డర్ల రిపోర్టుల్లో పోల్చడం మేలు.

అయితే డైరెక్ట్‌లో కొంత నిజమైన తప్పు కూడా దాగి ఉండొచ్చు. కుకీ అనుమతి పెట్టె ఉండి, అనుమతి ఇచ్చాక తర్వాతి పేజీలోనే ట్యాగ్ లోడవుతోందనుకోండి. ఆ రెండో పేజీ దృష్టిలో వచ్చిన చోటు మీ సొంత సైటే. అసలు రిఫరర్ (ఏ చోటి నుంచి వచ్చారో), యూటీఎం (లింకులో క్యాంపెయిన్ పేరు చెప్పే గుర్తులు) రెండూ మొదటి పేజీలోనే పోయాయి. మటోమోని మొదటి పేజీలోనే లోడ్ చేసి, అనుమతి తప్పనిసరి అన్న ఆదేశం ముందు ఇచ్చి, అనుమతి రాగానే తెలియజేసే కాల్ చేస్తే, ఆగి ఉన్న హిట్ అదే పేజీ నుంచి సరైన రిఫరర్‌తో వెళ్తుంది. దీన్ని పరీక్షించడం తేలిక: ప్రైవేట్ విండోలో యూటీఎం ఉన్న లింకు తెరవండి, అనుమతి ఇవ్వండి, మటోమో రియల్‌టైమ్ విజిటర్ లాగ్‌లో క్యాంపెయిన్ పేరు కనిపించాలి.

గూగుల్ ప్రకటనలకి ఆటో ట్యాగింగ్ (గూగుల్ తనంతట తానే లింకుకి చేర్చే గుర్తు) మీదే ఆధారపడి యూటీఎం పెట్టని సైట్లకి ఇంకో ఆశ్చర్యం: ఆ క్లిక్కులు మటోమోలో క్యాంపెయిన్ల కింద కాక మామూలు గూగుల్ సెర్చ్ కింద పడతాయి. ప్రకటనల ఖాతాలో ట్రాకింగ్ టెంప్లేట్‌లో యూటీఎం పెట్టండి. మటోమో యూటీఎంని చదువుతుంది కానీ మొదట్లో క్యాంపెయిన్ పేరు, కీవర్డ్ వరకే. సోర్స్, మీడియం విడివిడిగా కావాలంటే మార్కెటింగ్ క్యాంపెయిన్స్ రిపోర్టింగ్ అనే ఉచిత ప్లగిన్ వేయాలి. మొదటి రోజే వేయండి.

అంకెలు ఎంత దగ్గరగా ఉంటే చాలు? పేజీ వ్యూలు 5 నుంచి 10 శాతం తేడాలో ఉంటే నేను అడగను. ముఖ్యమైనది తేడా ఎంత అన్నది కాదు, రోజు రోజుకీ అది నిలకడగా ఉందా అన్నది. ప్రతి రోజుకీ మటోమో పేజీ వ్యూలను జీఏ4 పేజీ వ్యూలతో భాగించి వచ్చిన నిష్పత్తిని గీత గీయండి. అది దాదాపు సమంగా పోతుంటే రెండూ ఒకే లోకాన్ని చూస్తున్నాయి. సోమవారం 1.06, మంగళవారం 0.81 అయితే ఎక్కడో ఏదో విరిగింది: ఆ రోజు కొత్త పేజీలు వెళ్లాయేమో, కాష్ మారిందేమో చూడండి. ఇదే నిష్పత్తిని బ్రౌజర్ వారీగా, ముఖ్యమైన ఇరవై ల్యాండింగ్ పేజీల (విజిట్ మొదలయ్యే పేజీలు) వారీగా కూడా తీయండి. ఒక్క పేజీలో నిష్పత్తి సున్నా అయితే ఆ టెంప్లేట్‌లో ట్యాగే లేదు. ఒక్క పేజీలో 2 అయితే ట్యాగ్ రెండుసార్లు ఉంది. జీఏ4 అంకెలు స్థిరపడటానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది కాబట్టి నిన్నటిని పోల్చకండి, మొన్నటి వరకే. టైమ్ జోన్ రెంటిలో ఒకటే ఉందో లేదో మొదటే చూసుకోండి. మటోమోలో తర్వాత మార్చినా పాత రోజులు మారవు.

ట్యాగ్ రెండుసార్లు ఉండటం అనుకున్నంత అరుదు కాదు. థీమ్‌లో ఒకటి, ప్లగిన్‌లో ఒకటి, ట్యాగ్ మేనేజర్‌లో ఒకటి. మటోమోలో బౌన్స్ రేటు హఠాత్తుగా సున్నాకి దగ్గరపడితే అనుమానించాల్సింది ఇదే, ఒకే పేజీ రెండు వ్యూలుగా లెక్కపడుతోంది. జీఏ4 వైపు ఇదే జబ్బు సింగిల్ పేజ్ అప్లికేషన్లలో (పేజీ మళ్లీ లోడవకుండా లోపలి భాగమే మారే సైట్లు) వస్తుంది: ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్‌లో బ్రౌజర్ హిస్టరీ మారినప్పుడు పేజ్ వ్యూ పంపే సెట్టింగ్ ఆన్‌లో ఉండగానే, డెవలపర్లు కోడ్‌లోంచి కూడా పంపుతుంటారు. అంటే మీ పాత అంకెలే రెట్టింపై ఉండొచ్చు. పాతది ఎప్పుడూ సరైనదేనన్న నమ్మకం పెట్టుకోకండి.

అలాంటి అప్లికేషన్‌లో మటోమోకి క్రమం ముఖ్యం. రూట్ (అప్లికేషన్ లోపలి పేజీ) మారగానే ముందు రిఫరర్‌గా పాత యూఆర్ఎల్, తర్వాత కొత్త యూఆర్ఎల్, తర్వాత పేజీ శీర్షిక, చివరికి పేజ్ వ్యూ. శీర్షిక మారకముందే పేజ్ వ్యూ వెళ్లడం వల్ల ప్రతి పేజీకీ ముందు పేజీ పేరు పడటం మామూలుగా జరిగే పొరపాటు. కంటెంట్ కొత్తగా వచ్చాక లింక్ ట్రాకింగ్‌ను మళ్లీ ఒకసారి పిలవకపోతే కొత్త లింకుల మీద క్లిక్కులు, డౌన్‌లోడ్లు పట్టుబడవు.

ఈవెంట్లని తేవడం మీద ఎక్కువ సమయం పెట్టాలి, ఎందుకంటే రెండు సాధనాల ఆలోచనే వేరు. జీఏ4లో ఈవెంట్‌కి ఒక పేరు, దానికి 25 దాకా పారామీటర్లు. మటోమోలో నాలుగే గదులు: కేటగిరీ, యాక్షన్, పేరు, విలువ. విలువలో అంకె తప్ప ఏదీ పెట్టకూడదు. ఉన్నవన్నీ యథాతథంగా కుక్కితే మిగిలేది చెత్త. ముందుగా జీఏ4లో గత సంవత్సరం ఈవెంట్ల జాబితా తీసి, ఒక్కోదాని పక్కన ఎవరు ఏ రిపోర్టులో చూస్తారో రాయండి. చూసే మనిషి పేరు రాయలేని ఈవెంట్‌ని తేవద్దు. మామూలుగా సగానికి పైగా అక్కడే రాలిపోతాయి. మిగిలిన వాటికి ఉదాహరణగా, ఫారం పంపడం అనే ఈవెంట్‌లో ఫారం ఐడీ, ఎన్నో దశ, ఏ రకం పేజీ అనే మూడు పారామీటర్లు ఉన్నాయనుకుందాం. కేటగిరీలో ఫారం, యాక్షన్‌లో పంపడం, పేరులో ఫారం ఐడీ. దశ విలువలోకి వెళ్లదు, ఎందుకంటే విలువల్ని మటోమో కూడి, సగటు తీసి చూపిస్తుంది. మూడో దశ, ఒకటో దశ కలిపి నాలుగు అని చూపడంలో అర్థం లేదు. దశనీ పేజీ రకాన్నీ కస్టమ్ డైమెన్షన్లలో (మీరు సొంతంగా చేర్చుకునే గదులు) పెట్టండి.

కస్టమ్ డైమెన్షన్లు మొదట్లో విజిట్ స్థాయిలో 5, యాక్షన్ స్థాయిలో 5 ఇస్తారు. ఎక్కువ కావాలంటే సర్వర్‌లో కన్సోల్ కమాండ్‌తో చేర్చుకోవాలి. ఆ కమాండ్ పెద్ద లాగ్ టేబుల్స్‌కి కొత్త కాలమ్ చేరుస్తుంది. కోట్ల వరసలు పేరుకున్నాక చేస్తే గంటలు పట్టి ఆ సేపు ట్రాకింగ్ నిలిచిపోవచ్చు, కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే చేయండి. ఒకసారి సృష్టించినదాన్ని ఆపవచ్చు కానీ తుడిచేయలేరు, ప్రయోగాలకి గదులు తగలేయకండి. డైమెన్షన్ విలువ పేజ్ వ్యూ కాల్‌కి ముందు ఇవ్వాలి, తర్వాత ఇస్తే ఆ పేజీకి అంటుకోదు. కుకీ డొమైన్, అనుమతి, కుకీలు వద్దన్న ఆదేశం, అన్నిటికీ ఇదే నియమం.

జీఏ4 దానంతటదే పట్టుకునే వాటిలో బయటి లింకులు, డౌన్‌లోడ్లు మటోమోలో ఈవెంట్లు కావు, లింక్ ట్రాకింగ్ ఆన్ చేస్తే విడి రిపోర్టులుగా వస్తాయి. సైట్ సెర్చ్‌కి మీ సెర్చ్ పేజీ పారామీటర్ పేరు సెట్టింగుల్లో ఉందో లేదో చూడండి. 90 శాతం స్క్రోల్ కావాలంటే మటోమో ట్యాగ్ మేనేజర్‌లో ట్రిగ్గర్ పెట్టుకోవాలి. గోల్స్ లెక్క కూడా వేరు: జీఏ4లో కీ ఈవెంట్ మొదట్లో జరిగినన్ని సార్లూ లెక్కపడుతుంది, మటోమో గోల్ విజిట్‌కి ఒక్కసారే. ఒక మనిషి ఒకే విజిట్‌లో మూడు బ్రోచర్లు దించుకుంటే అక్కడ 3, ఇక్కడ 1. ఈ అంకె వ్యాపారానికి ముఖ్యమైతే గోల్ సెట్టింగ్‌లో అనేకసార్లు అనుమతించండి.

ఈవెంట్ పేరులో ఆర్డర్ నంబరో యూజర్ ఐడీయో పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. మటోమో ఒక్కో ఈవెంట్ రిపోర్టులో రోజుకి 500 వరసలు ఉంచుకుని మిగిలినవన్నీ 'ఇతరాలు' అనే ఒక్క వరసలో కలిపేస్తుంది. పేజీలకీ ఇలాంటి హద్దే ఉంది, ఇంకా ఇబ్బందికరంగా: పేజీలని ఫోల్డర్ల వారీగా చూపిస్తుంది కాబట్టి పై స్థాయిలో 500, లోపలి ఫోల్డర్లలో 100. ఒకే ఫోల్డర్ కింద వేల వ్యాసాలుంటే నూరు దాటినవన్నీ ఇతరాలే. కాన్ఫిగ్‌లో ఈ హద్దుల్ని పెంచవచ్చు, ఆర్కైవింగ్‌కి (ముడి లాగ్‌ల నుంచి రిపోర్టులు లెక్కించి ఉంచడం) మెమరీ ఎక్కువ కావాలి, అంతే. పెంచడం ముందే చేయాలి. తర్వాత పెంచితే ముడి లాగ్‌లు ఇంకా ఉన్నంతవరకు మాత్రమే పాత రోజుల్ని మళ్లీ లెక్కించవచ్చు.

సర్వర్ వైపు మూడు సంగతులు. లోడ్ బ్యాలెన్సరో రివర్స్ ప్రాక్సీయో ముందుంటే అసలు ఐపీ ఏ హెడర్‌లో వస్తుందో కాన్ఫిగ్‌లో చెప్పాలి. లేకపోతే లోకమంతా ఒకే ఐపీ నుంచి వస్తున్నట్టు ఉంటుంది, కుకీలు లేకుండా నడిపేవాళ్లకి వేర్వేరు మనుషులు ఒకే విజిటర్‌గా కలిసిపోతారు. రెండోది, జియోలొకేషన్ డేటాబేస్ దించుకోకపోతే మటోమో బ్రౌజర్ భాషని బట్టి దేశాన్ని ఊహిస్తుంది. బ్రౌజర్ అమెరికన్ ఇంగ్లిష్‌లో ఉన్న ప్రతివాడూ అమెరికాలో ఉన్నట్టే. దేశాల రిపోర్టు వింతగా ఉందంటే మొదట చూడాల్సింది ఇదే. మూడోది ఆర్కైవింగ్. రిపోర్టు తెరిచినప్పుడల్లా లెక్కించే పద్ధతిని ఆపి, గంటకోసారి క్రాన్ (వేళకి పనులు నడిపే సర్వర్ సదుపాయం) ద్వారా నడపండి. ఆపడం మరిస్తే సోమవారం ఉదయం అందరూ ఒకేసారి డ్యాష్‌బోర్డు తెరిచినప్పుడు డేటాబేస్ కూలబడుతుంది. యంత్రం పరిమాణానికి మటోమో సొంత సూచన: నెలకి లక్ష పేజీ వ్యూల దాకా 2 సీపీయూలు, 2 జీబీ ర్యామ్, 50 జీబీ ఎస్ఎస్‌డీ. పది లక్షల దాకా 4 సీపీయూలు, 8 జీబీ, 250 జీబీ.

పాత డేటా విషయంలో ఆలస్యం చేయకూడనిది ఒక్కటి: ఈరోజే జీఏ4 అడ్మిన్‌లో డేటా రిటెన్షన్ చూడండి. మొదట్లో అది 2 నెలలు, ఉచిత ప్రాపర్టీలో గరిష్ఠం 14 నెలలు. ఎక్స్‌ప్లోరేషన్లలో (జీఏ4లో మీరే తయారుచేసుకునే లోతైన రిపోర్టులు) వాడే ఈవెంట్ స్థాయి డేటాకి ఈ హద్దు. మామూలు రిపోర్టుల్లోని మొత్తాలకి కాదు. బిగ్‌క్వెరీ (ముడి డేటా దాచుకునే గూగుల్ డేటాబేస్) లింకు ఇప్పటికే ఉంటే అదృష్టం. లేకపోతే ఇప్పుడు పెట్టినా నేటి నుంచే వస్తుంది, వెనకటిది రాదు. బిగ్‌క్వెరీ శాండ్‌బాక్స్‌లో బిల్లింగ్ లేకుండా వాడుతుంటే టేబుల్స్ 60 రోజులకి వాటంతటవే పోతాయి, ఏళ్ల డేటా ఉందనుకుని తెరిస్తే రెండు నెలలే కనిపిస్తుంది. ఉచిత ప్రాపర్టీకి రోజువారీ ఎగుమతి 10 లక్షల ఈవెంట్ల వరకే.

మటోమోకి గూగుల్ అనలిటిక్స్ దిగుమతి ప్లగిన్ ఉంది. అది తెచ్చేది కూడిన రిపోర్టులే, విడి విజిట్లు కావు. తెచ్చిన కాలానికి సెగ్మెంట్లు (సందర్శకుల్ని గుంపులుగా వడగట్టడం) పనిచేయవు, విజిటర్ లాగ్ ఉండదు. గూగుల్ ఏపీఐ కోటా వల్ల ఏళ్ల డేటా దిగడానికి రోజులు పడుతుంది. వాడితే విడి సైట్ ఐడీలో ఉంచండి. అదే గ్రాఫ్‌లో పాత నిర్వచనాల బౌన్స్, కొత్త నిర్వచనాల బౌన్స్ పక్కపక్కన కనిపిస్తే చూసేవాళ్లు తప్పుడు కథ అల్లుకుంటారు. నిజానికి చాలా సైట్లకి దిగుమతే అక్కర్లేదు. నెలవారీ మొత్తాలు, ఛానళ్ల వారీ సెషన్లు, ముఖ్యమైన రెండు వందల ల్యాండింగ్ పేజీలు, నెలవారీ ఆర్డర్లు, దేశాలు: ఈ ఐదు పట్టికలు షీట్‌లోకి తీసుకుంటే తర్వాత ఎవరు అడిగినా జవాబు దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: యూజర్ల సంఖ్యని రోజువారీగా తీసి నెలకి కూడొద్దు. ఒకే మనిషి పది రోజులు వస్తే పది మంది అవుతాడు. నెలకి నెలగానే అడిగి తీసుకోండి.

జీఏ4 తీసే ముందు ప్రకటనల ఖాతా చూడకపోవడం ఈ పనిలో డబ్బు పోయే పొరపాటు. గూగుల్ యాడ్స్‌లో కన్వర్షన్లు జీఏ4 కీ ఈవెంట్ల నుంచి వస్తుంటే, ట్యాగ్ తీసిన రోజు నుంచి ఆటో బిడ్డింగ్‌కి ఫలితాలు అందవు. ప్రకటనలు పనిచేయడం లేదనుకుని అది బిడ్లు తగ్గిస్తుంది. జీఏ4లో తయారైన ఆడియెన్సులు కూడా మెల్లగా ఎండిపోతాయి. కాబట్టి యాడ్స్ సొంత కన్వర్షన్ ట్యాగ్ ముందుగా పెట్టి, కొన్ని వారాలు రెండో స్థాయి కన్వర్షన్‌గా నడిపి, అంకె కుదిరాక దాన్ని ప్రధానం చేసి, జీఏ4ది రెండో స్థాయికి దించండి. ఆ తర్వాతే తీయడం గురించి ఆలోచించాలి.

ఎప్పుడు తీయాలంటే: కనీసం నాలుగు పూర్తి వారాలు రెండూ కలిసి నడిచాక, ఆర్డర్ డేటాబేస్‌తో పోలికలో మటోమో జీఏ4 కంటే వెనకబడకపోతే, పేజీ వ్యూల నిష్పత్తి నిలకడగా ఉంటే, వారం వారం ఎవరో ఒకరు తెరిచే ప్రతి రిపోర్టుకీ మటోమోలో ప్రత్యామ్నాయం ఉంటే. ఇప్పటికి పది రోజులే అయింది, ఆర్డర్లు తక్కువ వస్తున్నాయి, కాబట్టి మీకు ఇంకా సమయం కాలేదు. తేదీగా నెల మొదటి రోజు పెట్టుకోండి, ఏ నెల రిపోర్టూ సగం ఇటు సగం అటు కాకుండా ఉంటుంది. ఆ రోజు మటోమో గ్రాఫ్ మీద ఒక గమనిక రాసి ఉంచండి.

తీసేటప్పుడు ట్యాగ్ మేనేజర్‌లో ఆపితే సరిపోదు. థీమ్ ఫైళ్లు, విడిగా హోస్ట్ చేసిన ల్యాండింగ్ పేజీలు, చెల్లింపు తర్వాతి పేజీ, దొరకని పేజీ టెంప్లేట్, అన్నీ వెతకాలి. సీడీఎన్‌లో (పేజీల కాపీలు దాచి అందించే సర్వర్లు) పాత పేజీలు ఉంటాయి, ఖాళీ చేయండి. మూడు రోజుల తర్వాత జీఏ4 రియల్‌టైమ్ తెరిస్తే, అక్కడ ఇంకా మనుషులు కనిపిస్తున్న పేజీలే మీరు మరిచిన పేజీలు. గోప్యతా ప్రకటనలో పాత పేరు మార్చడం, సెక్యూరిటీ పాలసీలోంచి గూగుల్ డొమైన్లు తీయడం అప్పుడే.

జీఏ4 ప్రాపర్టీని మాత్రం తుడిచేయకండి. చెత్తబుట్టలోకి వెళ్తే 35 రోజులకి శాశ్వతంగా పోతుంది. అలాగే ఉంచినా ఈవెంట్ స్థాయి డేటా రిటెన్షన్ గడువు ప్రకారం నెలనెలా వెనక నుంచి రాలిపోతూనే ఉంటుంది. ఎక్స్‌ప్లోరేషన్లలో ఏమైనా తీసుకోవాల్సి ఉంటే ట్యాగ్ ఆపిన వారంలోనే తీసుకోండి.